కుడి చెవి

ఓదెలు ముందుగాల అనుమానపడ్డది నా నవ్వును.
ఆలపల్లి నాకా కాడ, మంగరు టపరీల,
చాయ్ గిలాస అంచుకు మూతి పెట్టి నవ్విన.
దేనికి నవ్విన్నో నాకు యాదికి లేదు.
ఆయనకున్నది. వారంతో సహా ఉన్నది.

ఇరవై ఆరేండ్లు ఆరా మిషన్ ముందు నిలబడ్డ మనిషి.
టేకు దుంగ చక్రం పండ్లల్ల ఇరికినప్పుడు
అది పెట్టే కేక నాకు కలల గూడ ఎరుకే.
చెవులల్ల దూది పెట్టుకోరాదే అంటే
చక్రం గొంతు మారితే తెలుసుడెట్లరా, అనేటోడు.
వినకపోతే చేతులు పోతుండె.
విన్నందుకు చెవులు పోయినయి.

ఒక్క దెబ్బకు పోలేదు.
ముందు పిట్టలు పోయినయి.
తర్వాత మనుమరాలి గొంతు, పాలోని సైకిలు గంట.
తర్వాత మాటలల్లకెల్లి స పోయింది, త పోయింది.
మాట మొత్తం పోతే
చెవిటోణ్నని తనకే తెలుస్తుండె.
సగం మిగిలింది.
సగం మాట మనిషిని సల్లగ పండనియ్యదు.
కడమ సగం తనే నింపుకోవాలె.

దేంతో నింపుతడు?
ఇంట్ల ఏ గింజలుంటే ఆ గింజలే గదా గంపల పడేది.

మా దిక్కు గింజలు ఇట్లుంటయి:
రాత్రి తలుపు కొట్టినోళ్లకు అన్నమెందుకు పెట్టినవని
పొద్దుగాల ఒకళ్లు అడిగిరి.
ఎందుకు పెట్టలేదని మల్ల రాత్రికి ఇంకొకళ్లు.
ఓదెలు అన్న గట్టయ్యను పిలుసుకపోయిన నాడు
ఎవరో ఒక్క మాట చెప్పిన్రట.
ఒక్కటే మాట.
ఎవరు చెప్పిన్రో ఇయ్యాల్టి దాంక తెల్వది.
చెప్పినోడు ఎక్కడనో చాయ్ తాగుతనే ఉంటడు.

ఇగ, మరాఠీల మాట్లాడుకుంటే
తనకు తెల్వొద్దనే అంటున్నమనె.
మాడియల అంటే బేరం కుదురుస్తున్నమనె.
తెలుగుల అంటే, పేరు మార్చి తననే అంటున్నమనె.
కోడలు తలుపు మెల్లగేస్తే ఏందో దాసుకున్నది,
దబ్బునేస్తే పొమ్మంటున్నది.
ఓ రాత్రి కూరల ఏం కలిపినవని లస్మక్కను అడిగిండట.
ఆమె ముందు తాను తిని చూపెట్టిందట.
ఇది చెప్పుకుంట ఆమె ఏడ్వలేదు.
ఉప్పు తక్కువైంది గంతే, అన్నది.

నాకూ కోపమొచ్చింది. నెల దినాలు మాట్లాడలే.
నేను మాట్లాడకపోవుడే ఆయనకు సాక్ష్యమైంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలె.
మేం ఆయన గురించే మాట్లాడుకున్నం.
గొంతు తగ్గించి,
ఆయన రాంగనే బీడీల మీదికి ముచ్చట మళ్లించి.
చెవి మిషన్‌కు పైసలు జమజేస్తుంటిమి.
చెప్తే తీసుకోడని దాసినం.
అన్ని గుసగుసలల్ల నిజమైనది అదొక్కటే,
దాన్నే పట్టిండు ముసలోడు.
అర్థం తప్పిండు గని వాసన తప్పలేదు.

చంద్రపూర్ల డాక్టరమ్మ కుడి చెవుల పెట్టింది,
బఠాణీ గింజంత.
బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డడు.
ఆటో చప్పుడు. చెప్పుల చప్పుడు.
తన అంగీ తన మెడకే రాసుకునే చప్పుడు.
పక్కన ఎవరో సంత్ర ఒలుస్తుంటే
ఆ తొక్క చప్పుడుకు గూడ తల తిప్పిండు.

బస్సుల మంది కిక్కిరిసి ఉన్నరు, వాగుతనే ఉన్నరు.
ఒకలి బోరు ఎండిందట, ఒకలి బిడ్డ పరీక్ష తప్పిందట.
కండ్లు మూసుకుని అన్ని విన్నడు.
ఆష్టి వంతెన మీదికొచ్చినంక
నా మోచెయ్యి పట్టుకుని అడిగిండు:
"ఇంతమందిల ఒక్కలు గూడ నా పేరు తీస్తలేరేందిరా?"

ఏం చెప్పాల్నో తోచలే.
కింద నది శానా ఎడల్పుగ ఉండె.

ఇప్పుడు మల్ల రోజూ టపరీకొస్తడు.
నవ్వుతడు గూడ, మేం నవ్వినంక.
ఎప్పుడన్న, ఎవరన్న, గట్టయ్య ముచ్చట తీస్తే
ఆ కుడి చెవి ఇటు తిరుగుతది.
నేను గిలాస కింద పెడ్త,
చప్పుడు గాకుంట.